పార తీసేదాకా

తూము పలక మూడో పట్టుకి గానీ లేవలేదు. మొదటిసారి లాగితే అసలు కదల్లేదు. రెండోసారి కదిలింది గానీ కాలువాయనకి ఊపిరి అందలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, గట్టు మీద వంగి నిలబడి, కాసేపు తన బూట్లనే చూసుకున్నాడు. రబ్బరు బూట్లు. ఎడమదానికి మడమ దగ్గర సైకిలు ట్యూబు ముక్క అతికించి ఉంది, దాని అంచు మళ్లీ లేచింది. ఇవాళొక్కరోజుకి ఏం కాదులే అనుకున్నాడు. మూడో పట్టుకి పలక పైకొచ్చింది. దాని కిందనుంచి నీళ్లు బుసకొడుతూ చిక్కుడు తోటల కాలువలోకి దూకాయి.

చేతి గడియారం చూసుకున్నాడు. సరిగ్గా ఆరు.

చిక్కుడు తోటాయన అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. తన పారని తూము పక్కన గట్టులో ఒక్క పోటు పొడిచి నిలబెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"ఇవాళే కదా నీ పనికి ఆఖరు?" అన్నాడు.

"ఆఖరే."

"నువ్వు లేకపోతే మాకు తోచదయ్యా. పొద్దున్నే ఎవర్ని తిట్టుకోవాలి?"

"తూములెత్తే ఇనప్పెట్టె వస్తోందిగా, దాన్ని తిట్టుకో," అన్నాడు కాలువాయన. ఇద్దరూ నవ్వారు. తోటాయన నీళ్ల వెంట వెళ్లిపోయాడు. కాలువాయన మాత్రం ఇంకో రెండు నిమిషాలు ఆ పార దగ్గరే నిలబడ్డాడు. పలక లాగినందుకు ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఒకటే లాగుడు.

ఇంతకీ అది ఊరు కాదు. ఇరవైమూడు ఇళ్లు, ఒక కొట్టు, ఒకే గది ఉన్న బడి, పళ్లు పెట్టెలకెత్తే షెడ్డు. పట్టణం హద్దు లోయ మొదట్లో ఉన్న వంతెన దగ్గరే ఆగిపోతుంది. వీధి దీపం కావాలని పట్టణానికి వెళితే జిల్లా ఆఫీసుకి పొమ్మంటారు, జిల్లా ఆఫీసుకి వెళితే పట్టణానికి పొమ్మంటారు. అలా తిరిగిన వాళ్ల చెప్పులరిగాయి గానీ దీపం వెలగలేదు. దానికి ఒక పెద్దా లేడు, పేరు రాసిన బోర్డూ లేదు. బస్సు కండక్టరు "షెడ్డు, షెడ్డు" అని అరుస్తాడు, అంతే. కాబట్టి అక్కడ కాగితం మీద రాసిన నియమాలేవీ లేవు. ఉన్నది పార ఒక్కటే.

నీళ్ల వంతు వచ్చిన మనిషి తన తూము పక్కన గట్టులో పార గుచ్చుతాడు. అది గుచ్చి ఉన్నంతసేపూ నీళ్లు అతనివి. వంతు అయిపోగానే కాలువాయన ఈల వేస్తాడు. ఆ మనిషి పొలంలో ఎక్కడున్నా నడిచి వచ్చి, తన పార తనే పీకుతాడు. అప్పుడే పలక దించాలి. ఇంకొకరి పార ఎవరూ ముట్టుకోకూడదు. పొలం చివర ఉన్నవాడు నడిచి రావడానికి అయిదు నిమిషాలు పడుతుంది, ముసలివాళ్లకి పది పడుతుంది. ఆ నడక మాత్రం లెక్కలోకి రాదు. తర్వాతి వంతువాడు ఎంత తొందరలో ఉన్నా, గట్టు మీద కూర్చుని కాళ్లూపుకుంటూ చూడాల్సిందే. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పింది మాత్రం ఒక్కసారే. తప్పింది కాలువాయనే.

ఆ సంగతి ఇరవైఆరేళ్ల నాటిది. అప్పుడాయనకి ముప్పైఅయిదు. కాలువ కంపెనీలో పని కొత్తగా వచ్చింది. అన్నా వదినల ఇంట్లోనే ఉండేవాడు, వదిన చేతి తిండే తినేవాడు. అన్నది లోయలో ఆఖరి పొలం, అందరికంటే దూరం. ఆ రోజు అన్న వంతు అయిపోయింది, ఈల వేశాడు. అన్న పొలం చివర్న ఉన్నాడు. మొక్కజొన్న ఆఖరి సాళ్లకి నీళ్లు అప్పుడే చేరుతున్నాయి. అన్న అటునుంచి బయలుదేరాడు. ఆయన నడక ఎప్పుడూ నింపాదే. గట్టు మీద పళ్లతోట ముసలి యజమాని నిలబడి, పదిమందీ వినేలా, "సొంత అన్న కదా, చీకటి పడేదాకా నడుస్తాడులే. ఉద్యోగం ఇచ్చిందే అందుకు!" అన్నాడు.

ఆ మాటకి కాలువాయనకి ముఖం వేడెక్కింది. తను ఎవరి మనిషీ కాదని అందరికీ చూపించాలనిపించింది. వెళ్లి అన్న పారని పీకి గట్టు మీద పడేసి, పలక దించేశాడు. అన్న సగం దూరం వచ్చి, అది చూసి, అక్కడే ఆగిపోయాడు. అరవలేదు. వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయాడు. ఎండిపోయింది నాలుగు సాళ్లే, వాటి గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ అన్న ఆ పార కోసం మళ్లీ రాలేదు. తర్వాతి వంతుకి కొత్త పార తెచ్చుకున్నాడు. ఏడేళ్ల తర్వాత పోయేదాకా తమ్ముడితో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రాత్రే కాలువాయన మూటా ముల్లె సర్దుకుని తూము పక్కన కంపెనీ గదిలోకి మారిపోయాడు. వదిన ఆయనకి 'గడియారం' అని పేరు పెట్టింది.

అన్న పార మాత్రం అప్పటినుంచీ ఆ గది తలుపు వెనక ఉంది. కర్ర చీలిన చోట అన్న ఇనుప తీగ ఏడు చుట్లు చుట్టి, కొసని లోపలికి మడిచాడు, చేతికి గుచ్చుకోకుండా. ఏటా ఒకసారి కాలువాయన దాని రేకుకి నూనె రాసేవాడు. ఏ మొహం పెట్టుకుని తిరిగి ఇవ్వాలో మాత్రం తెలిసేది కాదు.

*

ఎనిమిదింటికి కొట్టుకి వెళ్లాడు. రొట్టె, రెండు ఉడికించిన గుడ్లు తీసుకున్నాడు. కొట్టు ఆమె కళ్లజోడు పైనుంచి చూసింది.

"మొహం అలా పీక్కుపోయిందేంటయ్యా? డాక్టరమ్మ దగ్గరికి వెళ్లావా, లేదా?"

"వెళ్లాను. గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవట్లేదట. వెనక్కి కారుతోందట."

"అయ్యో! మరి?"

"బరువు ఎత్తొద్దంది. పాతికేళ్లుగా తూములు బాగుచేస్తున్నాను, నాలోది నాకు కనపడలేదు చూడు," అన్నాడు. ఆమె నవ్వలేదు. గుడ్లు కాగితంలో చుడుతూ వేరే మాట ఎత్తింది.

"నిన్న మీ వదినని చూడ్డానికి వెళ్లాను. ఉల్లి గడ్డ ఊరే రోజులట, ఈ నెల నీళ్లు తగ్గితే ఏడాది పంట గోళీకాయలంతే అవుతుందట. అయినా ఆమెకి దిగుల్లేదులే. నాలుగు కొట్టేసరికి నీళ్లు మా మడిలో ఉంటాయి, మా ఆయన తవ్విన కాలువ అలాంటిది అని ఒకటే గొప్ప."

కాలువాయన రొట్టె సంచిలో పెట్టుకునే వంకతో తల దించుకున్నాడు. ఆయన నోరు మెదపని సంగతి అదే. అన్న ఎన్నో పనులు బాగా చేసేవాడు గానీ కాలువ తవ్వడం అందులో ఒకటి కాదు. తూము నుంచి ఆ పొలం దాకా నాలుగువందల అంగలు. నేలంతా గుల్ల, పైగా ఎలక బొరియలు. తూము ఎత్తాక నీళ్లు దారంతా ఇంకుతూ, కారుతూ పొలం చేరడానికి నలభై నిమిషాలు పట్టేది. నాలుగు నుంచి ఆరు దాకా ఉండే రెండు గంటల వంతులో నలభై నిమిషాలు మట్టి తాగేసేది. అన్న పోయాక, వదిన మోకాళ్లు అరిగి తూము దాకా వచ్చి పార గుచ్చలేకపోయాక, కాలువాయన వంతు రోజున మూడూ ఇరవైకే ఆ పలకని నాలుగు వేళ్ల ఎత్తు లేపడం మొదలుపెట్టాడు. అప్పుడు నడిచేది పళ్లతోట వంతు. అంత పెద్ద తోటకి ఆ నాలుగు వేళ్ల నీళ్లు తెలిసేవి కావు. నాలుగు కొట్టేసరికి నీళ్లు వదిన మడి అంచున ఉండేవి. ఆమె మొగుడి కాలువని చూసుకుని మురిసిపోయేది. ఆ మురిపెం చెడగొట్టడానికి కాలువాయనకి నోరు రాలేదు.

ఇక ఆ నాలుగు వేళ్లు ఎత్తేవాళ్లు ఉండరు.

తిరిగి వచ్చేసరికి కంపెనీ ఇంజనీరమ్మ కొత్త ఇనుప తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మరలు బిగిస్తోంది. పాత చెక్క పలకల వెనకే, ఒక్కో తూముకి ఒక్కో ఇనుప తలుపు, దాని మీద ఆకుపచ్చ రంగు పెట్టె. మంచి పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది.

"ఇవాళ సాయంత్రం ఆరింటికి మీట నొక్కేస్తాను బాబాయ్. ఇంక మీరు హాయిగా కాళ్లు చాపుకుని పడుకోవచ్చు."

"ఎక్కడ చాపమంటావమ్మా? గది కంపెనీదే కదా. నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు."

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. ఆయనే మాట మార్చాడు. "అది సరే గానీ, ఈ పెట్టె ఒక అయిదు నిమిషాలు అటూ ఇటూ ఆగుతుందా?"

"ఒక్క సెకను కూడా ఆగదు," అంది ఆమె గర్వంగా.

"మనిషి పొలం చివర ఉంటే?"

"ఎక్కడుంటే ఏంటి బాబాయ్? దాని టైముకి అది మూసుకుంటుంది. ఇంక ఎవరూ ఎవరి కోసమూ ఎదురు చూడక్కర్లేదు."

"మంచిదే," అన్నాడు. ఏమీ మంచిదనిపించలేదు. తను ఇరవైఆరేళ్ల కిందట ఒక్కసారి చేసిన పనిని ఈ పెట్టె ఇకనుంచి రోజూ చేస్తుంది, దానికి సిగ్గు కూడా ఉండదు అనుకుని, బుట్టా పారా తీసుకుని వదిన కాలువ వైపు నడిచాడు.

*

అయిదు వారాలుగా అదే పని. వంతుల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా పెద్ద కాలువ అడుగు నుంచి జిగట బంకమట్టి తవ్వి, బుట్టలో మోసుకొచ్చి, వదిన కాలువ అడుగునా పక్కలా మెత్తడం. ఎలక బొరియ కనపడితే చెయ్యి మోచేతి దాకా దూర్చి, మట్టి ముద్దలు కుక్కడం. తర్వాత కాళ్లతో తొక్కడం, అరచేత్తో నునుపు చేయడం. మూడువందల యాభై అంగలు అయిపోయాయి. ఇంకా యాభై ఉన్నాయి, వదిన ఇంటి దగ్గరివి. ఆమె కంట పడకూడదని వాటిని ఆఖరికి ఉంచాడు.

పదింటికి పళ్లతోటకి నీళ్లు వదిలి పని మొదలుపెట్టాడు. ఒక బుట్ట మట్టి మోయడం, అయిదు నిమిషాలు కూర్చోవడం. బుట్ట సగానికి తగ్గించాడు. అయినా అయిదు నిమిషాలూ కూర్చోక తప్పలేదు. బరువు ఎత్తొద్దన్న డాక్టరమ్మ మాట గుర్తొస్తూనే ఉంది. ఆయన విసిగిపోయి ఉన్నాడు. పని మీద కాదు, తన ఒంటి మీద. ఇన్నేళ్లూ చెప్పిన మాట విని, అవసరమైనప్పుడు మొండికేసిన ఎద్దులా కూలబడుతోంది.

పన్నెండు దాటాక వదిన పెరటి గోడ మీదుగా తొంగి చూసింది. డెబ్బై ఏళ్ల మనిషి. చేతిలో కర్ర, నెత్తిన తువ్వాలు. పక్కనే నల్ల కుక్క. ఇరవైఆరేళ్లుగా ఆమె మరిదితో నేరుగా మాట్లాడలేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే కుక్కకి చెప్పేది. ఇది మూడో కుక్క.

"ఒసే నల్లదానా, ఆ గడియారానికి మా కాలువలో ఏం పనో అడుగు."

కాలువాయన నడుము నిలబెట్టి కుక్క వైపే చూశాడు. "ఆకులు తీస్తున్నానని చెప్పవే."

"ఆకులు తీయడానికి బురదెందుకట?"

"ఎలక బొరియలున్నాయని చెప్పు."

"మా కాలువలో ఎలకలా!" ఆమె గొంతు లేచింది. "ఆయన తవ్విన కాలువలో ఎలకలా! తూము ఎత్తితే చాలు, రెక్కలున్నట్టు వస్తాయి నీళ్లు. కళ్లు కనిపించట్లేదేమో కనుక్కోవే."

కుక్క ఇటు చూసింది, అటు చూసింది, తోక ఊపింది. జవాబు కాలువాయన నోటి దాకా వచ్చింది. ఇరవై మాటల్లో అయిపోయే సంగతి. కానీ ఆమెకి మొగుడు మిగిల్చి వెళ్లినవాటిలో ఆ కాలువ ఒకటి. మట్టి ముద్ద ఒకటి తీసుకుని, మళ్లీ వంగాడు.

ఆమె లోపలికి వెళ్లింది. చెంబుతో చల్లటి నీళ్లు తెచ్చి గోడ మీద పెట్టింది.

"ఇది నీక్కాదే నల్లదానా," అని, కుక్కని పిలుచుకుని వెళ్లిపోయింది.

కాలువాయన ఆ చెంబుని కాసేపు ముట్టుకోలేదు. పెళ్లి మాట ఆయనకి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పిల్లని చూసే రోజు వంతు రోజే కావడంతో వెళ్లలేదు, మూడోసారి ఎవరూ అడగలేదు. తన తిండీ నీళ్లూ తనే చూసుకున్న మనిషి. ఇంకొకరు తనకోసం ముంచిన నీళ్లు తాగి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. చెంబు ఎత్తి గడగడా తాగాడు. కళ్లు తడిశాయి. బురద చేత్తో తుడుచుకోవడంతో మొహమంతా బురదయింది.

ఆఖరి బొరియ పూడ్చేసరికి మూడు దాటింది.

*

మూడూ ఇరవైకి తూము దగ్గర ఉన్నాడు. చేతులు వాటంతటవే పలక మీదికి వెళ్లాయి. వెనక్కి తీసుకున్నాడు. ఇవాళ ముందుగా ఎత్తకూడదు. పెట్టె ఎలా చేస్తుందో అలాగే, నాలుగింటికే ఎత్తాలి. అప్పుడే తెలుస్తుంది మట్టి నిలిచిందో లేదో. నీళ్లు పావుగంటలో పొలం చేరితే వదినకి దిగుల్లేదు. అరగంట దాటితే, ఆఖరి నాలుగు మళ్ల ఉల్లి ఎండుతుంది. ఈ వారం, వచ్చే వారం, ఆపైన ప్రతి వారం. తను అప్పుడు ఎక్కడుంటాడో తనకే తెలియదు.

గదిలోకి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. మంచం, పొయ్యి, రెండు కొక్కేలు, ఒక్కదానికే చొక్కా. తలుపు వెనకనుంచి అన్న పార తీశాడు. బయట వెలుతురులో తీగ చుట్లు లెక్కపెట్టాడు, ఏడూ ఉన్నాయి.

పళ్లతోట మనిషి తన పార పీక్కుని వెళ్లాక ఆ పలక దించి, సరిగ్గా నాలుగింటికి వదిన తూము పలక పట్టుకున్నాడు. అయిదు పట్లు పట్టింది. నాలుగో పట్టుకి కళ్ల ముందు నల్లటి చుక్కలు ఆడాయి. అయిదో పట్టుకి పలక లేచింది. నీళ్లు పొడి కాలువలోకి దిగి, చెత్తనీ ఆకుల్నీ ముందుకి తోసుకుంటూ బయలుదేరాయి. ఆయన అన్న పారని రెండు చేతులా ఎత్తి, తూము పక్కన గట్టులో గుచ్చాడు. ఒక్క పోటుకి దిగలేదు. కాలితో తొక్కాడు. అప్పుడు నిలబడింది.

"అన్నయ్యా, నీ వంతే," అన్నాడు పైకే. చుట్టూ ఎవరూ లేరు. "వదిన వచ్చి తీసేదాకా ఎవరూ ముట్టుకోరు. నేనూ ముట్టుకోను."

వంతు అయ్యాక ఆమె ఇంటికి వెళ్లి, కుక్కతో కాకుండా నేరుగా ఆమెతోనే, పార తీసుకోవడానికి రమ్మని అడగాలనుకున్నాడు. మోకాళ్లు నొప్పంటే చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. ఎంతసేపు నడిచినా సరే. ఆ మాటే మనసులో అటూ ఇటూ తిప్పుకుంటూ నీళ్ల వెంట నడిచాడు.

నీళ్ల మొన ఆయన అడుగుతో సమానంగా సాగింది. వంద అంగలు, ఎక్కడా కారలేదు. రెండువందలు. కంప అడ్డం పడ్డ చోట వంగి తీసేశాడు. మూడువందల దగ్గర నీళ్లు ఆయన్ని దాటిపోయాయి. ఆయన నవ్వాడు, తర్వాత ఎడమ చేత్తో ఛాతీ పట్టుకున్నాడు. ఆగకుండా నడిచాడు. ఇవాళ తొక్కిన యాభై అంగలూ బూటు అచ్చులతో సహా చెక్కుచెదరలేదు. నీళ్లు వదిన మొదటి మడిలోకి దిగుతుండగా చేతి గడియారం చూసుకున్నాడు.

నాలుగూ పన్నెండు.

మడి గట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. కాళ్లు నీళ్లలోకి చాపాడు, చల్లగా ఉన్నాయి. ఉల్లి మొక్కల మొదళ్ల చుట్టూ నేల నల్లబడుతూ, ఒక్కో సాలూ తడుస్తూ పోతోంది. పన్నెండు నిమిషాలు. వదినకి ఇదే పెద్ద నేరం. ఇప్పుడు కర్ర టకటకలాడించుకుంటూ వస్తుంది, తిడుతుంది. తిట్టనీ అనుకున్నాడు. ఎంత అలసటగా ఉందంటే, తిట్లు వింటూ నిద్రపోవచ్చు అనిపించింది.

ఆమె వచ్చింది.

"అడగవే నల్లదానా! నాలుగింటికి రావాల్సిన నీళ్లు ఇప్పుడొస్తున్నాయేంటో అడుగు. ఆఖరి రోజున కూడా మా మీదే కక్షా?"

కుక్క ఆయన దగ్గరికి వెళ్లింది. చెయ్యి వాసన చూసింది. తోక ఊపలేదు. ఆయన కాళ్ల పక్కనే ముడుచుకుని కూర్చుంది.

"ఉలుకూ పలుకూ లేదేం?" అంది ఆమె. దగ్గరికి వచ్చి, కర్ర ఆసరాతో వంగి చూసింది. గడ్డానికి ఇంకా ఎండిన బురద ఉంది. కళ్లు సగం మూసుకుని, ఎదురుగా తడిసిన సాళ్ల వైపు ఉన్నాయి. ఆమె కర్ర కింద పెట్టింది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన రోజుల్లో ఎలా పిలిచేదో అలా పిలిచింది.

"అబ్బాయ్. నీళ్లొచ్చాయి, లే."

*

చిక్కుడు తోటాయనా, ఇంకొకతనూ కలిసి ఆయన్ని మోసుకొచ్చి వదిన వరండాలో మంచం మీద పడుకోబెట్టారు. ఊపిరి ఆగిపోయిందని డాక్టరమ్మకి ఫోన్ చేశారు. కొట్టు ఆమె వచ్చి పక్కన కూర్చుంది. వదిన ఏడవలేదు. తడి గుడ్డతో ఆయన గడ్డం మీది బురద తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆ బురదని వేళ్ల మధ్య నలిపి చూసింది. బంకమట్టి. తమ పొలం మట్టి కాదది.

కర్ర తీసుకుని లేచింది.

"ఈ మోకాళ్లతో ఎక్కడికి?" అంది కొట్టు ఆమె.

"తూము దాకా."

కాలువ గట్టు వెంట నడిచింది. యాభై అంగలు చూసింది. ఇవాళ ఇక్కడిదాకానే కదా ఆయన పని చేసింది అనుకుంది. కానీ మట్టి ఇంకా ముందుకి పోతూనే ఉంది. నీళ్ల అంచు పైన ఎండిన చోట, పొడుగునా, అరచేతి ముద్రలు. నూరు అంగలు, రెండువందలు. పాతవి పగుళ్లిచ్చాయి, కొత్తవి నున్నగా ఉన్నాయి. ఎలక బొరియలు ఉన్న చోటల్లా గుండ్రటి మచ్చలు, లెక్కలేనన్ని. ఆమె ఆగి ఆగి నడిచింది. ఇన్ని బొరియలున్న కాలువలో ఇన్నేళ్లూ నాలుగు కొట్టేసరికి నీళ్లు ఎలా వచ్చాయి? రెక్కలు కట్టుకుని రాలేదు. ఎవరో ముందే వదిలారు. ఎవరు వదిలారో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. మూడు కుక్కల కాలం అంతా ఆమె ఆ మనిషిని గడియారం అంది.

తూము దగ్గర జనం నిలబడి ఉన్నారు. ఇంజనీరమ్మ, పళ్లతోట మేనేజరు, ఇద్దరు ముగ్గురు రైతులు. ఆరు దాటి పది నిమిషాలైంది. తూము పలక ఎత్తినట్టే ఉంది. దాని పక్కన గట్టులో ఒక పార.

"మిగతావన్నీ నొక్కేశాను. ఇదొక్కటే ఉంది," అంటోంది ఇంజనీరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "ఆ పార కొంచెం తీస్తారా? ఇప్పుడు వంతు మీ తోటదేగా."

"వంతు మాదే," అన్నాడు మేనేజరు. "పార మాది కాదమ్మా." అంటూనే వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు.

వదిన వాళ్ల మధ్యనుంచి వచ్చింది. పార కర్ర మీద చెయ్యి వేసింది. వేళ్లు కిందికి జరిగి, తీగ చుట్ల దగ్గర ఆగాయి. లోపలికి మడిచిన కొసని బొటనవేలు వెతుక్కుని పట్టుకుంది. ఆ చుట్లు చుట్టిన రాత్రి దీపం పట్టుకుని నిలబడింది ఆమే. అందరూ ఆమె పార పీకుతుందని చూస్తున్నారు.

ఆమె చెయ్యి తీసేసింది.

"ఆఖరి మడి దాకా తడిసిందో లేదో చూసి రావాలి," అంది. "నా నడక మెల్లిగా ఉంటుంది."

"మెల్లిగానే రా అమ్మా," అన్నాడు మేనేజరు. "ఇక్కడెవరికీ తొందర లేదు."

ఇంజనీరమ్మ మీట మీదనుంచి చెయ్యి తీసి, వచ్చి వాళ్ల పక్కన గట్టు మీద కూర్చుంది. వదిన కర్ర ఊనుకుంటూ వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఎండ కొండల వెనక్కి జరిగేదాకా నడుస్తూనే కనిపించింది. తూము పక్కన, కర్రకి ఏడు చుట్ల తీగతో, ఆ పార గట్టులో అలాగే ఉంది. దాని పక్కనుంచి నీళ్లు ఆఖరి పొలం వైపు పోతున్నాయి.